అరటి తొక్క విసిరిందెవరు?

మారియో మన ఊళ్లకు కాలినడకన వచ్చాడు. బండి మీద రాలేదు.

తొంభైల్లో ఆదోనిలోనూ బళ్లారిలోనూ అమ్మిన టీవీ గేము డబ్బాలు గుర్తున్నాయి కదూ? క్యాసెట్టు తీసి, దుమ్ము పట్టిందని నోటితో ఉఫ్‌మని ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. ఎర్ర టోపీ, బొద్దు మీసం, పుట్టగొడుగు తిని పెద్దవాడయ్యే ఆ ప్లంబరు మా ఆలూరులో కూడా ఇంటింటి చుట్టమే. ఆ డబ్బాలు జపాను కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన యంత్రానికి నకళ్లు. మారియో బండెక్కింది ఆ తర్వాతి యంత్రంలో, 1992లో. దాన్ని నేను ఇక్కడి దుకాణాల్లో ఏనాడూ చూడలేదు. కాబట్టి మారియో కార్ట్ అనే ఆట వయసెంతో నా ఎరుకలో దాని వయసు అంత కాదు. నాకది ఈమధ్యే, అంతా ఒక్క మూటగా, చేతికొచ్చింది. డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన మా చెల్లెలి పిల్లలు తెచ్చారు. ఇప్పటి యంత్రంలో ఒక సౌకర్యముంది. 2025లో వచ్చిన కొత్త ఆటతో పాటు, చందా కడితే, 1992 నాటి మొదటి ఆట, 1996 నాటి రెండోది, 2001 నాటి మూడోది కూడా అందులోనే ఆడుకోవచ్చు. ఒక రచయిత తొలి నవలనూ తాజా నవలనూ పక్కపక్కన పెట్టుకుని చదివినట్టు.

మీరు నవ్వుతారేమో గానీ, నేను అలాగే చదివాను. నవలలకు సమీక్షలున్నాయి, సినిమాలకున్నాయి. ముప్పై మూడేళ్లుగా ఒకే కథను తిరగరాస్తున్న ఈ ఆటకెందుకుండకూడదు?

తెలియనివారికి రెండు ముక్కలు. కొందరు బుల్లి బండ్లెక్కి ఒక దారి చుట్టూ పందెం వేస్తారు. దారిలో అక్కడక్కడా ప్రశ్నార్థకం గుర్తులుంటాయి. వాటి మీదుగా పోతే ఏదో ఒకటి చేతికి చిక్కుతుంది. వెనకవాడు జారిపడటానికి అరటి తొక్క, ముందువాడి వీపుకు తగలడానికి తాబేలు డిప్ప, ఒక్క ఊపున పరుగెత్తించే పుట్టగొడుగు, తక్కినవాళ్లందరినీ చీమలంత చేసే పిడుగు. వేగం ఒక వంతు, అల్లరి మూడు వంతులు. ఇంజను బలాన్ని బట్టి 50 సీసీ, 100 సీసీ, 150 సీసీ అని తరగతులున్నాయి. మన జాతర్లలో బండలాగుడు పోటీలకు ఎద్దుల పళ్లు చూసి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగమని కట్టినట్టే. ఈ పోలిక చెప్పగానే మా పక్కింటి రెడ్డిగారికి ఆట మొత్తం అర్థమైపోయింది. నాకింకా వారం పట్టింది.

మొదటి ఆట, సూపర్ మారియో కార్ట్, ఎలా పుట్టిందో దాని తయారీదార్లే చెప్పుకున్నారు. అంతకుముందు 1990లో ఎఫ్-జీరో అనే పందెం ఆట ఉండేది. మహా వేగం, బారెడు దారులు, కానీ ఒక్కరే ఆడాలి. ఇద్దరు ఆడే పందెం చేద్దామని కూర్చున్నారు. తెరను రెండు ముక్కలు చేసేసరికి అంత వేగాన్నీ అంత పొడుగు దారినీ ఆ యంత్రం మోయలేదు. దారిని కుదించారు, మెలికలు తిప్పారు, బండ్లను బుల్లివి చేశారు. అప్పటికి నడిపేవాడు ఎవరో ఊరూ పేరూ లేని ఓవరాల్ మనిషి. మారియోను తర్వాత తెచ్చి కూర్చోబెట్టి, బాగున్నాడనుకున్నారు. అంటే పక్కపక్కన ఇద్దరు మనుషులు కూర్చోవాలన్న కోరిక ముందు, మారియో తర్వాత.

ఆ కోరిక తాలూకు గుర్తు ఆ ఆట ముఖాన ఇప్పటికీ ఉంది. ఒక్కరే ఆడుతున్నా తెర రెండు ముక్కలుగానే ఉంటుంది. పై సగంలో మీ బండి, కింది సగంలో దారి పటమో, వెనక చూపే అద్దమో. యంత్రం ఇబ్బంది కొంత ఉండవచ్చు. అయినా నాకు మాత్రం, ఇంట్లో ఒక్కదాన్నే భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా ఇంకో పీట వేసి ఉన్నట్టు కనిపించింది.

ఇక దారులు. ఆ రోజుల్లో యంత్రానికి కొండలూ లోయలూ చూపే శక్తి లేదు. నేల అంతా చదునైన ఒక బొమ్మ. దాన్నే వాలుగా వంచి, గిరగిరా తిప్పి చూపిస్తారు. వాకిట్లో వేసిన ముగ్గు మీద చీమ నడిస్తే దానికెలా కనిపిస్తుందో అలా. అలాంటి ముగ్గులు ఇరవై. ఒక్కోదాని చుట్టూ ఐదేసి చుట్లు. చాక్లెట్ దీవి అని ఒకటుంది, దాంట్లో బురదలోకి చక్రం దిగితే బండి అడుగు తీసి అడుగు వేయదు. వానపడ్డ మా నల్లరేగడిలో సైకిల్ తొక్కినవాళ్లకు వేరే వర్ణన అక్కర్లేదు. ఇంద్రధనుస్సు దారి అని చివర్లో ఇంకొకటి. దానికి గోడలు లేవు, గట్టు లేదు. చక్రం పక్కకు జరిగితే శూన్యంలోకే. మేఘం మీద తిరిగే ఒక ప్రాణి మిమ్మల్ని గాలంతో పైకి లాగి, కూలి కింద రెండు నాణేలు పట్టుకుపోతుంది.

మొదటి రెండు చుట్లు మీరు దారిని చూస్తారు. మూడో చుట్టులో గుర్తుపడతారు. ఐదో చుట్టుకు మీ వేళ్లు దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతుంటాయి. చిన్న దారి కాబట్టే అది మీదైపోతుంది. పాత ఆట గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

పాతదంతా బంగారమని అనబోవడం లేదు. ఏమాటకామాటే. అందులో యంత్రం నడిపే ప్రత్యర్థులు పచ్చి మోసగాళ్లు. మీరు నేల మీద గుర్తు తొక్కి సంపాదించుకోవాలి, వాళ్లకు తరగని నిధి. తాబేలుకు అస్తమానం డిప్పలే, డ్రాగనుకు అస్తమానం గుడ్లే. యువరాణి విసిరేది మనిషిని మరుగుజ్జును చేసే విషపు పుట్టగొడుగు. అది మీకు మీరుగా ఎన్నటికీ దొరకదు. మీరెంత బాగా నడిపినా మిమ్మల్ని వెన్నాడటానికి ముందే నియమించిన ఒకడు వెనకనే ఉంటాడు. ఎనిమిది మందిలో ఒక్కతే ఆడది అన్న సంగతి కూడా చెప్పాలి. ఉన్న ఒక్కదానికీ విషమే ఆయుధమా? మన పాత సినిమాల్లో సవతి తల్లులు జ్ఞాపకమొచ్చారు. మీరు నడిపితే మాత్రం ఆ యువరాణి బండి ఇట్టే వేగమందుకుంటుంది, ఆ మేరకు న్యాయం చేశారు.

1996లో వచ్చిన మారియో కార్ట్ 64తో నేల లేచి నిలబడింది. గుట్టలు, వంతెనలు, సొరంగాలు వచ్చాయి. తెర నాలుగు ముక్కలై నలుగురు ఆడే వీలు కలిగింది. ఐదు చుట్లు మూడయ్యాయి. ఇంకొకటి కూడా వచ్చింది, ఈనాటికీ దాని మీద తగవులాడుకుంటున్నారు: నీలి రంగు ముళ్ల డిప్ప. వెనకబడ్డవాళ్లకు దొరుకుతుంది. విసిరితే దారిన అడ్డొచ్చినవాళ్లను పడగొట్టుకుంటూ పోయి, అందరికన్నా ముందున్నవాడిని వెతికి కొడుతుంది. ఇది అన్యాయమని పిల్లలంటారు. కష్టపడి ముందుకొస్తే శిక్షా? అని.

నేను ధారావాహికలు రాసి బతికే మనిషిని కాబట్టి దీన్ని మరోలా చూస్తాను. కథలో అనుకోని సంగతి జరిగి నాయిక కష్టాల్లో పడితే పాఠకులు నోరెత్తరు. ఆఖరి వారం ఎక్కడో తప్పిపోయిన మేనమామ ఆస్తితో సహా ఊడిపడితే మాత్రం ఉత్తరాలు కట్టలుగా వస్తాయి. నీలి డిప్ప మొదటి రకం. ముందున్నవాడికి కష్టం తెస్తుంది గానీ, విసిరినవాడిని ఎత్తుకుపోయి గమ్యం చేర్చదు. వాడు ఆ తర్వాత నడపాల్సింది నడపాల్సిందే. 2005లో వచ్చిన తుపాకీ గుండు రెండో రకం. ఆఖర్న ఉన్నవాడికి అది దొరికితే బండి గుండుగా మారి, వాడి చెయ్యి అక్కర్లేకుండా, మలుపులన్నీ తనే తిరిగి, పదిమందిని దాటించి దింపుతుంది. ఊడిపడ్డ మేనమామ! 1992 నాటి ఆటలో ఈక అని ఒకటుండేది, అది దొరికితే పైకెగరవచ్చు. కానీ ఎక్కడ ఎగరాలో, గోడ దాటి ఎక్కడ దిగాలో మీకు తెలిసుండాలి. తెలియనివాడికి ఈక ఈకే.

కొత్త ఆటలు అడుగడుగునా చేయి పట్టుకుంటాయన్న ఫిర్యాదు నాకు ముందే ఉంది గానీ, దాన్ని నాకన్నా బాగా మా అమ్మ చెప్పింది. ఎనిమిదోది 2014లో వచ్చి, 2017లో కొత్త యంత్రానికి డీలక్స్‌గా మళ్లీ వచ్చింది. అందులో తెలివైన స్టీరింగు అని పెట్టారు. బండి వెనక ఒక చిన్న యాంటెన్నా మొలుస్తుంది. మీరు గట్టు దాటబోతే బండే మెల్లగా లోపలికి మళ్లుతుంది. పసిపిల్లలు కూడా ఆడవచ్చు. డెబ్బై దాటిన అవ్వలు కూడా ఆడవచ్చని పిల్లలు మా అమ్మ చేతికి ఒకటిచ్చారు. రెండు పందేలు ఆడింది. పడలేదు. మూడోదానికి మధ్యలో ఆపేసి అడిగింది:

"ఏమే, నేను తిప్పకున్నా ఇది తిరుగుతాందే?"

"అది స్మార్ట్ స్టీరింగ్ అవ్వా. నిన్ను పడిపోనివ్వదు."

"పడిపోనీకుంటే నేనేం నడిపినట్టు? తీసెయ్ దాన్ని."

తీసేశారు. ఆ తర్వాత పందెంలో పదకొండుసార్లు పడింది, పన్నెండో స్థానంలో వచ్చింది, ఇంకోటి పెట్టమంది. పిల్లలు దారులు వెతుక్కునే అడ్డదోవలను కూడా ఆ యాంటెన్నా మూసేస్తుందని మనవరాలు వివరించబోతే, "కాపలా కుక్క అంతే కదా చేసేది" అంది. ఇంతకు మించిన విమర్శ నేను రాయలేను.

అయినా ఎనిమిదోదాన్ని తక్కువ చేయను. తీసెయ్యమంటే తీసే వీలు దానిలోనే ఉంది కదా. 48 దారులతో వచ్చింది, 2022, 2023లో ఇంకో 48 కలిపి 96 చేశారు. సగానికి సగం పాత ఆటల దారులే, గోడల మీదా కప్పుల మీదా నడిచేలా కొత్తగా మలిచినవి. ఒక పోలిక చాలు. 64లోని ఇంద్రధనుస్సు దారి ఒక్క చుట్టుకే సుమారు రెండు నిమిషాలు, మూడు చుట్లంటే ఆవులింతలు. అదే దారిని ఎనిమిదోదానిలో మూడు భాగాలు చేసి ఒక్క చుట్టుతో ముగించారు. మంచి సంపాదకుడి కత్తెర అంటే అదే. పాత దాని వైభవం ఉంది, సాగదీత పోయింది.

మధ్యలో 2019లో సెల్‌ఫోన్లకు ఒకటి వచ్చింది, మారియో కార్ట్ టూర్. దాని మీద ఎక్కువ సిరా ఖర్చు చేయను. బొటనవేలితో ఆడేది. కొన్నాళ్లు అందులో కెంపులు కొనుక్కుని గొట్టం పేలిస్తే, అదృష్టముంటే మంచి బండో మంచి చోదకుడో రాలేది. ఏమొస్తుందో తెలియని దానికి డబ్బు కట్టడాన్ని మా వైపు ఏమంటారో ఆదోని, గుంతకల్లు వాళ్లనడగండి, మట్కా అని ఠక్కున చెబుతారు. 2022లో ఆ గొట్టాలను ఎత్తేశారు. ఎత్తేసినందుకు సంతోషమే, పెట్టిన సంగతి మాత్రం మరిచిపోలేం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2025 జూన్ 5న కొత్త యంత్రంతో పాటు మారియో కార్ట్ వరల్డ్ వచ్చింది. పన్నెండుమంది ఇరవై నలుగురయ్యారు. దారులన్నీ విడివిడి వలయాలుగా కాక, ఒకే దేశంలోని ఊళ్లలాగా రోడ్లతో కలిసిపోయాయి. పందెం లేకుండా ఊరికే తిరగొచ్చు. నేను తిరిగాను. ఒక సాయంత్రమంతా తిరిగాను. సూర్యుడు దిగుతాడు, వాన వస్తుంది, సముద్రం మీద బండి నీటి మోటారులా పోతుంది. ఎవరూ తరమరు. ఆ అందానికి వంక పెట్టడానికి నాకు నోరు రాలేదు. అన్నట్టు, ఇందులో ఆవు బండి నడుపుతుంది! 2008 నాటి ఆటలో పచ్చిక బయలు దారిలో అడ్డం తిరిగిన ఆవులే ఇవి. పదిహేడేళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి, చూసి చూసి, తనే ఒక బండెక్కింది. మా బస్టాండు ముందు పడుకునేవి ఎప్పుడెక్కుతాయో తెలియదు.

కానీ పందెం మొదలుపెట్టండి. మొదటి దాంట్లో దారి చుట్టూ చుట్లు తిరుగుతారు. రెండోదాని నుంచి, ఉన్న ఊరి నుంచి తర్వాతి ఊరికి రోడ్డు పట్టుకుని పోవడమే పందెంలో ఎక్కువ భాగం. ఊరు చేరాక దానిలో ఒక్క చుట్టు, అయిపోయింది. కళాకారులు ప్రాణం పెట్టి గీసిన దారి కంటికి ఆనేలోగా ముగింపు గీత. ఆలూరు నుంచి ఆదోని పోయి, ఊళ్లోకి అడుగుపెట్టగానే తిరుగు బస్సెక్కినట్టుంటుంది. ఐదు చుట్లలో కంఠస్థమైన 1992 నాటి చదును ముగ్గు నాకిప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. ఈ రోడ్లలో వెడల్పైనది గుర్తుంది, ఏది ఎక్కడ మలుపు తిరుగుతుందో గుర్తులేదు.

ఇంకొకటి, నాకిది పెద్ద ఫిర్యాదు. ఇరవై నాలుగు బండ్ల రద్దీలో నాలుగు వైపుల నుంచీ డిప్పలు. ఒకటి తగిలి ఎగిరిపడతారు, లేచేలోగా ఇంకోటి. ఎవరు కొట్టారు? ఏమో. 64లో నలుగురు ఒకే మంచం మీద కూర్చుని ఆడినప్పుడు అరటి తొక్క ఎవరు వదిలారో అందరికీ తెలుసు. నవ్వును బట్టి తెలుస్తుంది. తెలిసింది కాబట్టే పగ ఉంటుంది, పగ ఉంది కాబట్టే తర్వాతి పందెం ఉంటుంది. మా చెల్లెలి చిన్నవాడు వాళ్లక్క మీద మూడు రోజులు కక్ష పెట్టుకుని, నాలుగో రోజు ముగింపు గీత ముందు ఆమెను డిప్పతో కొట్టి, తలగడ దెబ్బలు తిన్నాడు. ఆ కక్ష పుట్టింది 1996 నాటి ఆటలో. వరల్డ్‌లో వాడు ఎన్నిసార్లు దెబ్బ తిన్నా, "ఎవరో కొట్టారు పెద్దమ్మా" అని మెల్లగా చెప్పేవాడు. ఆ 'ఎవరో' అన్న మాట వాడి నోట వింటే నాకు ప్రాణం ఉసూరుమంది. సంవత్సరానికి ఒకసారి వచ్చే పిల్లలు. వాళ్లకూ వాళ్లకూ మధ్యా, వాళ్లకూ మాకూ మధ్యా జరగాల్సిన కొట్లాటలు నెలలో సరిపెట్టాలి. ఎవరో కొడితే ఎలా?

వెనక్కు తిప్పుకునే మీట కూడా ఒకటిచ్చారు, ఒంటరిగా ఆడేటప్పుడు. పడిపోతే, సినిమా రీలు వెనక్కు తిప్పినట్టు, పడకముందుకు వెళ్లవచ్చు. ఇందులో ఒక తమాషా ఉంది. మీరొక్కరే వెనక్కు వెళతారు, తక్కినవాళ్లు ముందుకు పోతూనే ఉంటారు. ఇది నాకు నచ్చింది. తెలివైన స్టీరింగు కన్నా ఇది వెయ్యిరెట్లు నిజాయితీ గలది. పొరపాటు దిద్దుకో, ధర చెల్లించు అంటుంది.

వరల్డ్‌లో ఇంకో మంచి పని, నాకౌట్ టూర్. ఇరవై నలుగురు బయల్దేరతారు. దారిలో మజిలీలుంటాయి. ఒక్కో మజిలీలో నలుగురు తప్పుకుంటారు. ఇరవై, పదహారు, పన్నెండు, ఎనిమిది, నాలుగు. ఇక్కడ మాత్రం ఆ పొడుగు రోడ్లకు ఒక అర్థమొచ్చింది. మజిలీ కనిపిస్తుంటుంది, మీరు ఇరవై ఒకటో స్థానంలో ఉంటారు, గుండె కొట్టుకుంటుంది. వారం వారం "సశేషం" అని ఆపే కళ తెలిసినవాళ్లెవరో దీన్ని తయారు చేసి ఉంటారు. ఈ ఒక్క పద్ధతి కోసం వరల్డ్‌ను క్షమించవచ్చు. ఇంటినిండా జనం ఉన్న రోజున మాత్రం ఎనిమిదోదాన్నో, 64నో పెట్టుకోమంటాను. ఇద్దరే ఉంటే 1992ది. పట్టుమని పది పందేలాడండి, ముఖం వాచేలా ఓడిపోతారు, ఆ మోసగాళ్లను తిట్టుకోవడంలో ఇద్దరూ ఒకటవుతారు.

ఇన్నింటిలో నా మనసు పడ్డది 2003 నాటి డబుల్ డాష్ మీద. ఆ పాత డబ్బా చెల్లెలి ఇంట్లో ఉంది, డల్లాస్ వెళ్లినప్పుడు ఆడాను. అందులో ఒక్కో బండికి ఇద్దరు. ఒకరు ముందు కూర్చుని నడుపుతారు, ఒకరు వెనక నిలబడి విసురుతారు. ఆ రెండు పనులూ ఇద్దరు మనుషులు పంచుకోవచ్చు, మధ్యలో చోటు మార్చుకోవచ్చు. మా చెల్లెలూ మరిదీ ఒక బండి. "తిప్పండి" అని ఆవిడ, "వెయ్" అని ఆయన. ఇద్దరూ ఏకకాలంలో చోటు మార్చుకోబోయి బండిని చెరువులో దించారు. పది నిమిషాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఆ తర్వాత మళ్లీ ఆడారు. ఈ వరస మొత్తంలో ఇద్దరు కూర్చునే బండి ఆ ఒక్క ఆటలోనే ఉంది. ఆ తర్వాత బండికి రెక్కలు పెట్టారు, నీళ్లలో ముంచారు, గోడలెక్కించారు, ఆవును ఎక్కించారు. రెండో సీటు మాత్రం మళ్లీ పెట్టలేదు.